తువ్వాలు కింద ఓటు

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగ్గంటల దాకా ఆదోనిలో ఏం జరిగినా వేళ్ల ఆదెప్పను లేపకూడదు. అది ఆయన ఇంట్లో చట్టం. పొద్దున్నే పత్తి మార్కెట్టులో బేరాలు తెంపి, ఇంటికొచ్చి, మూడు జొన్నరొట్టెలు తిని, ముందరి పడసాలలో నులకమంచం మీద వాలాడంటే, ఆ తర్వాత ఆయన తరఫున మాట్లాడేది గురక ఒక్కటే.

ఆ పడసాల తాత కట్టించింది. మూరెడు మందం గోడలు, బండల నేల, పైన టేకు దూలాలు. బయట ఎండకు కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నా లోపల చల్లగా ఉంటుంది. "సొర్గం యాడుందో నాకు తెలీదు గానీ, మా పడసాల కంటే సల్లగా మాత్రం ఉండదు" అని ఆదెప్ప అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

వేళ్ల ఆదెప్ప అనే పేరు మార్కెట్టు పెట్టింది. ఆయన పత్తి దళారి. ఆ మార్కెట్టులో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, కింద వేళ్లు నొక్కుతారు. ఎన్ని వేళ్లు నొక్కితే అంత. అమ్మేవాడి వేళ్లను కొనేవాడి దగ్గరికీ, కొనేవాడి వేళ్లను అమ్మేవాడి దగ్గరికీ మోసేది దళారి. నడుమ ఒక్క వేలు మార్చినా కనిపెట్టే నాథుడు లేడు. అయినా ఇరవై రెండేళ్లలో ఆదెప్ప ఒక్క వేలు మార్చలేదు. నోటి సంగతి వేరు. పట్టుచీర తెస్తానన్నా, పొద్దుగూకే లోపల వస్తానన్నా, జూదం మానేశానన్నా, ఆ నోటికి ఏ అడ్డూ ఉండేది కాదు.

ఇట్లాంటి మనిషి ఒక ధర్మసంఘంలో సభ్యుడయ్యాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటేడు సంగతి ఇది. పత్తి నుంచి గింజ తీసే జిన్నులో పనిచేసే ఆడవాళ్ల పసిపిల్లలను పగటిపూట చూసుకోవడానికి, రిటైరయిన హెడ్మాస్టరు రంగన్న "పసిబిడ్డల ఆదరణ సంఘం" అని ఒకటి పెట్టాడు. జిన్ను పక్కన ఒక రేకుల షెడ్డు, వీరమ్మ అనే ముసలామె, పన్నెండు మంది పిల్లలు. సంఘం ఆస్తి మొత్తం అంతే. పంద్రాగస్టు నాడు జెండా కింద కుర్చీ వేస్తారని తెలిసి ఆదెప్ప అందులో చేరాడు. కుర్చీ వేశారు కూడా.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చి షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయాయి. జిన్ను తెరిచేది వచ్చే సోమవారం. నిరుడు షెడ్డు తలుపు సరిగా పడక జిన్ను కూలి మేరి కూతురు పాక్కుంటూ జిన్నులోకి పోయింది. తిరిగే బెల్టుకు జానెడు దూరంలో ఎవరో గౌను పట్టి లాగారు. గౌను చినిగిపోయింది, పిల్ల మిగిలింది. ఈసారి ఎక్కడా చోటు దొరక్కపోతే తల్లులు పన్నెండు మందినీ చంకన వేసుకుని ఆ బెల్టుల మధ్యకే పోవాలి. కూలి మానుకుని ఇంట్లో కూర్చునే తల్లి వాళ్లలో ఒక్కతీ లేదు.

ఈ మాట ఆదెప్ప రొట్టె తింటూ చెప్పాడు. అదే ఆయన చేసిన మొదటి పొరపాటు.

"ఏమయ్యా, మన పడసాల పగలంతా ఖాళీగానే ఉంటాది కదా?" అంది భార్య సిద్దమ్మ.

"ఖాళీ యాడిది? నేనుంటాను కదా."

"నువ్వుండేది మూడు గంటలే."

"ఆ మూడు గంటల కోసమే తక్కిన ఇరవై ఒగ గంటలు బతుకుతాండాను."

"జిన్ను మన ఇంటికి ఎదురుంగానే ఉండాది. తల్లులు దాటుకోని వచ్చి పాలిచ్చి పోతారు."

"పన్నెండు మంది సిద్దీ! ఒగరు పండుకుంటే ఇంగొగరు లేస్తారు. పన్నెండు మందీ ఒగేసారి నిద్రపోయినట్ల నువ్వు యాడన్నా విన్నావా?"

"నీ గురకకు వాళ్లు జడుసుకోకుంటే సాలు" అని సిద్దమ్మ ఇంకో రొట్టె వేసింది. ఆమె అంతటితో ఊరుకుందని ఆదెప్ప అనుకున్నాడు. అది రెండో పొరపాటు.

సంఘంలో ఇదే చర్చ లేచింది. రంగన్నకూ, కాంపౌండరు యేసేపుకూ ఆదెప్ప పడసాల మీదే కన్ను. బసన్న మాత్రం తన పాత మిరపకాయల గోడౌను ఇస్తానన్నాడు. బసన్నను ఊళ్లో బోర్డు బసన్న అంటారు. ఏది దానం చేసినా దాని మీద తన పేరు రాయిస్తాడు. చలివేంద్రంలో ముంతల మీద కూడా ఆయన పేరుంది. గోడౌను మీద పదడుగుల బోర్డు పెట్టుకోవచ్చని ఆయన ఆశ. చిక్కల్లా ఏమంటే, ఆ గోడౌను ఆలూరు రోడ్డులో, జిన్నుకు మైలున్నర దూరం. తల్లులకు మధ్యాహ్నం విడిచేది అరగంట. పోయి రావడానికే అది చాలదు. పాలు తాగే బిడ్డలను అక్కడ వదిలేది లేదని మేరి ముందే చెప్పేసింది.

ఓట్లు రెండుకు రెండు అయ్యాయి. ఆదెప్ప నిద్ర ఒక్క ఓటు మీద వేలాడుతోంది.

రెండు రోజులు ఆలోచించి ఆదెప్ప ఒక ఎత్తు వేశాడు. అయిదో సభ్యుడు గిడ్డయ్య గూడూరుకు మకాం మార్చినప్పటి నుంచి సంఘంలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అందులో సిద్దమ్మను కూర్చోబెడితే? ఇంట్లో ఎన్ని మాటలన్నా, నలుగురిలో ఆమె ఎప్పుడూ తన మాట దాటలేదు. ఆమె ఓటు తన జేబులో ఉన్నట్టే. వెంటనే రంగన్న ఇంటికి పోయి ఉపన్యాసం ఇచ్చాడు.

"ఏం సారూ, మొన్న ఎలచ్చన్లలో ఆడోళ్లు లైన్లో నిలబడి ఓట్లేసినారు. మన సంగంలో ఒగ ఆడమనిసి లేకపోతే నగుబాటు కాదా? పిల్లోళ్ల సంగతి మీసాలుండేటోళ్లకు ఏం తెలుస్తాది?"

"శభాష్ ఆదెప్పా!" రంగన్న లేచి చేతులు పట్టుకున్నాడు. "ఇంత విశాల హృదయం మీలో ఉన్నదని నేను ఊహించలేదు."

ఆదెప్ప కూడా ఊహించలేదు. ఆ ఊపులోనే ఇంకొక మాట అన్నాడు. ఓటు నోటితో వద్దు, మార్కెట్టు పద్ధతిలో తువ్వాలు కింద వేయాలి. తల్లులు అరుగు మీద కూర్చుని వింటూ ఉంటే, మా ఇంట్లోకి మీ పిల్లలు వద్దు అని పైకి చెప్పడం ఆయన వల్ల కాదు. ఒక వేలంటే గోడౌను, రెండు వేళ్లంటే పడసాల. రంగన్న దానికీ సరేనన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే సిద్దమ్మ లేదు. సంగతి ఆమెకు అప్పటికే చేరింది, ఆమె ఎమ్మిగనూరు బస్సెక్కేసింది. అక్కడ ఆమె పుట్టిల్లు. అన్న పుల్లన్న మగ్గం నేస్తాడు. శుక్రవారం దాకా రాకపోయేసరికి ఆదెప్పకు గుబులు పుట్టి తానే బయల్దేరాడు.

సిద్దమ్మ మగ్గం పక్కన కూర్చుని పెద్ద మూట కడుతోంది.

"సిద్దీ, ఆదివారం మీటింగుండాది. రంగన్న సారు తువ్వాలు కప్పుతాడు. నువ్వు ఒగటే ఏలు నొక్కల్ల. తెలిసెనా?"

"ఒగటంటే ఏ ఏలు?"

"ఏదైతేనేం, ఒగటి. వచ్చే శ్రావణంలో నిన్ను ఉరుకుంద ఈరన్న జాతరకు పిల్సకపోతా."

"పెండ్లయినకాణ్ణించీ పిల్సకపోతానే ఉండావు."

"ఈతూరి నిజం."

"పోయినతూరీ ఇదే నిజం సెప్పినావు."

"సరే, జాతర సంగతి ఇడిసిపెట్టు. ఒగ ఏలు. అంతే కదా నేనడిగేది!"

"నా ఏళ్లు నా మాట ఇంటాయిలేప్పా" అంది సిద్దమ్మ. పక్కన పుల్లన్న నవ్వు ఆపుకోవడానికి మగ్గం గట్టిగా ఆడించాడు. ఆదెప్ప మాత్రం ఆమె ఒప్పుకున్నదనే లెక్క వేసుకున్నాడు. దళారి కదా, ఎదుటివాడు కాదనకపోతే అవునన్నట్టే ఆయనకు.

తిరుగు బస్సులో ఆ మూట ఆయన ఒళ్లోనే ఆదోని దాకా వచ్చింది. ఎదురుగా ఏముందో కూడా కనపడలేదు.

"ఏముండాదే ఇందులో?"

"గుడ్డ."

"ఎవరికి?"

"ఎవరికి లేకుంటే వాళ్లకి."

ఆదివారం దాకా ఆమెను నొప్పించకూడదని ఆదెప్ప ఇంకేమీ అడగలేదు. శనివారం ఆమె ఏ పని చెప్పినా కిమ్మనకుండా చేశాడు. ఆమె చెప్పిన పని ఒకటే. ఉల్లిగడ్డలు జడలల్లి దూలాలకు వేలాడదీస్తే కుళ్లవంట, కొక్కేలు కొట్టమంది. ఆదెప్ప నిచ్చెన వేసుకుని పడసాల దూలాలకు కొట్టడం మొదలుపెట్టాడు. రెండో కొక్కేనికే సుత్తి ఎడమ బొటనవేలి మీద పడింది. కుడిచెయ్యి మిగిలింది కాబట్టి మార్కెట్టులో తన బతుకు మిగిలిందని ఓదార్చుకున్నాడు.

"ఇంగెన్నే?"

"మొత్తం పన్నెండు. గట్టిగ కొట్టయ్యా. బరువాపుతాదో లేదో ఏలాడి సూడు."

"ఉల్లిగడ్డలకు నేనెందుకు ఏలాడల్ల?"

"ఈ యేడు గడ్డలు పెద్దవి."

ఆదెప్ప వేలాడాడు. ఒకదాని తర్వాత ఒకటి, పన్నెండు కొక్కేలకూ, పంచె ఎగ్గట్టుకుని వేలాడాడు. వాకిట్లో పోతున్న మేరి, చంకలో కూతురితో నిలబడి, ఈ పెద్దమనిషికి ఏమైందా అని చాలాసేపు చూసింది. సిద్దమ్మ రెండు ఉల్లిజడలు తెచ్చి తగిలించి, తక్కినవి తర్వాత చూద్దామంది.

ఆదివారం పొద్దున మీటింగు. సంఘం మీటింగులు ఎప్పుడూ ఆదెప్ప పడసాలలోనే జరిగేవి. చల్లదనం ఒకటి, సిద్దమ్మ చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఒకటి. బయట అరుగు మీద మేరితో పాటు తల్లులంతా కూర్చున్నారు. రేపు పొద్దున ఏడుకు జిన్ను కూత వేస్తుంది. ఆ లోపల తేలాల్సిన విషయం లోపల తేలుతోంది.

రంగన్న గొంతు సవరించుకుని, కొత్త సభ్యురాలికి స్వాగతం చెప్పి, తువ్వాలు దులిపాడు. బసన్న నొక్కాడు. యేసేపు నొక్కాడు. ఆదెప్ప తన ఒక వేలు నొక్కి, అరుగు వైపు చూడకుండా వచ్చి కూర్చున్నాడు. రంగన్న తన ఓటు వేసుకోవడానికి రెండు చేతులూ తువ్వాలు కిందే పెట్టి తన వేళ్లను తానే నొక్కుకున్నాడు. నియమం నియమమే అన్నాడు.

తర్వాత రంగన్న సిద్దమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. మార్కెట్టులో ఆడవాళ్లు బేరానికి రారు. పరాయి ఆడమనిషి చెయ్యి తువ్వాలు కింద పట్టుకునేది ఎట్లా? ముప్పై ఏళ్లు పిల్లలకు నీతిపాఠాలు చెప్పిన రంగన్న చెవులు ఎర్రబడ్డాయి.

"అక్క చెయ్యి నువ్వెట్ల పట్టుకుంటావు సారూ!" అన్నాడు బసన్న.

"ఆమె నోటితోనే సెప్తే పోలా?" అన్నాడు యేసేపు.

నోటితో అడిగితే, అరుగు మీద తల్లుల ముఖాలు చూసి సిద్దమ్మ ఏమంటుందో! "ఒగరికో పద్దతి, ఇంగొగరికో పద్దతా? కుదరదు!" అని ఆదెప్ప లేచాడు.

అప్పుడు సిద్దమ్మ తల వంచుకుని మెల్లగా అంది. "మా ఇంట్లో దళారి ఉండాడు కదా సార్. ఆయప్ప చెయ్యి నేను పట్టుకుంటా. మీ చెయ్యి ఆయప్ప పట్టుకుంటాడు. మార్కెట్లో సేసేదదే కదా."

అందరూ బాగుందన్నారు. అందరికంటే గట్టిగా ఆదెప్ప అన్నాడు. ఇక భయమేముంది? ఆమె ఓటు జేబులోంచి నేరుగా అరచేతిలోకే వచ్చింది.

భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లకు నలుగురిలో భార్య చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారి. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గులో ఉండగానే సిద్దమ్మ ఆయన వేళ్లు నొక్కింది.

రెండు.

పొరపాటున పట్టిందేమోనని ఆదెప్ప ఒక వేలు విడిపించుకోబోయాడు. వదల్లేదు. తాను ఒక వేలు నొక్కి చూపించాడు. ఆమె రెండు నొక్కింది. మళ్లీ ఒకటి. మళ్లీ రెండు. కళ్లతో ఉరుకుంద జాతర, పట్టుచీర అన్నీ గుర్తు చేశాడు. ఆమె కళ్లు దూలాలకేసి చూస్తున్నాయి. తువ్వాలు కింద పిల్లి దూరినట్టు ఎగిరెగిరి పడుతోంది. పైకి మాత్రం ఇద్దరూ దేవుడి ముందు నిలబడ్డంత నెమ్మదిగా ఉన్నారు. చివరకు ఆమె రెండు వేళ్లనూ కలిపి ఒక్క నొక్కు నొక్కింది. మార్కెట్టులో ఆ నొక్కుకు ఒకటే అర్థం. బేరం ముగిసింది.

అక్కడి నుంచి రంగన్న దగ్గరికి నాలుగు అడుగులు.

మొదటి అడుగులో ఆదెప్పకు ఆనందం కలిగింది. ఆమె ఎన్ని నొక్కితేనేం, చెప్పేది తాను. ఒక వేలు నొక్కితే చాలు, చచ్చేదాకా పడసాల తనది. రెండో అడుగులో మేరి కూతురు గడప పట్టుకుని లోపలికి తొంగి చూస్తూ కనిపించింది. ఆయన అటు చూడటం మానేశాడు. నిశ్చయం నిశ్చయమే.

మూడో అడుగులో, ఎందుకో తెలీదు, ఆలూరు తిక్కయ్య గుర్తొచ్చాడు. తిక్కయ్యకు పత్తి పండించడం తప్ప ఇంకేమీ రాదు. ఏటా బండి తోలుకుని వచ్చి, చెయ్యి ఆదెప్ప చేతిలో పెట్టి, బండి కింద పడుకుని నిద్రపోతాడు. మార్కెట్టంతా గోలగోలగా ఉన్నా నిద్రపోతాడు. అట్లాంటి రైతులు ఎందరో! ఇల్లు తాతది, పడసాల తాతది, పొలం మామ ఇచ్చింది. ఆదెప్ప సొంతంగా సంపాదించుకున్నది ఆ వేళ్లకున్న పేరొక్కటే.

అయినా ఆఖరి ఆశగా వెనక్కి తిరిగి చూశాడు. సిద్దమ్మ ఆత్రంగా తనవైపే చూస్తూ ఉంటే, ఆ అనుమానానికి కోపం తెచ్చుకుని అయినా ఒక వేలు నొక్కేసేవాడు. ఆమె చూడటం లేదు. ఇటు వీపు పెట్టి, బసన్న ఆకులో ఇంకో బజ్జి వేస్తోంది.

ఆదెప్ప తువ్వాలు కప్పి, కళ్లు మూసుకుని, రంగన్న చేతిలో రెండు వేళ్లు నొక్కాడు.

"మూడుకు రెండు," అన్నాడు రంగన్న. "రేపటి నుంచి ఆదెప్ప గారి పడసాల!"

అరుగు మీద ఒక్కసారిగా గోల లేచింది. మేరి లోపలికి పరుగెత్తుకొచ్చి, "సల్లగుండన్నా! నీ కడుపు సల్లగుండ! నువ్వు ఒప్పుకోవని ఊరంతా అన్యారన్నా" అని దండం పెట్టింది. ఆదెప్ప దండానికి దండం పెట్టాడు. రంగన్న ఆయన త్యాగం గురించి పావుగంట మాట్లాడాడు. బసన్న మనసు నొచ్చుకోకుండా, పిల్లల తాగునీళ్ల కడవ మీద పేరు రాసుకోమంది సిద్దమ్మ. ఆయన రంగు డబ్బా కోసం పరుగెత్తాడు.

అప్పుడు సిద్దమ్మ ఎమ్మిగనూరు మూట విప్పింది. అందులోంచి ఉయ్యాల గుడ్డలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మందపాటి మగ్గం గుడ్డ, అంచుకు ఎర్ర చార. పన్నెండు. రెండు ఉల్లిజడలూ తీసి పక్కన పెట్టి, తల్లులు వాటిని కొక్కేలకు కట్టడం మొదలుపెట్టారు.

"ఉల్లిగడ్డలంటివే!" అన్నాడు ఆదెప్ప నీరసంగా.

"పొద్దన లేస్తే ఏళ్లు లెక్కపెట్టే మనిసివి. పన్నెండు కొక్కేలు కొడ్తా ఏలాడ్తివే, లెక్క తెలీలేదా?" అంది సిద్దమ్మ.

సోమవారం జిన్ను కూత వేసింది. పన్నెండు ఉయ్యాలలూ నిండాయి. ఆదెప్ప మంచం వంటింటి పక్క గదిలోకి పోయింది. ఆ గదిలో నేల నిండా ఉల్లిగడ్డలే. ఒంటిగంటకు ఆయన వాటి మధ్య పడుకున్నాడు. పడసాలలో ఒకరు పడుకుంటే ఇంకొకరు లేస్తున్నారు. సరిగ్గా ఆయన చెప్పినట్టే. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

సిద్దమ్మ ఉల్లిగడ్డ కోసం వచ్చింది.

"సిద్దీ, ఒగటి అడుగుతా. నేను ఆడ ఒగ ఏలే నొక్కింటే ఏం సేసేదానివి?"

"నువ్వు నొక్కవులే."

"అంత నమ్మకమా నా మీద?"

సిద్దమ్మ మంచం అంచున కూర్చుంది. "పెండ్లయినకాణ్ణించీ నువ్వు నాకు సెప్పిన అబద్దాలు ఏరితే ఈ గదిలో ఉల్లిగడ్డలు సాలవు. అన్నీ నోటితో సెప్పినవే. ఏలితో ఒగటి కూడా సెప్పలేదు."

ఆదెప్ప కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిగడ్డల ఘాటన్నాడు. చాలావరకు నిజమే.

పడసాలలో మేరి కూతురు గొంతెత్తింది. "లెయ్యయ్యా. వీరమ్మ ఒగతే ఉండాది. పోయి ఉయ్యాల ఊపు," అంది సిద్దమ్మ.

ఇంట్లో చట్టం ప్రకారం ఇంకా రెండు గంటల నిద్ర ఉంది. ఆదెప్ప లేచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గడప దాటబోతుంటే సిద్దమ్మ పిలిచింది.

"ఇట్ల రా. ఎమ్మిగనూర్లో ఉరుకుంద జాతర అంటివి కదా?"

"అంటిని. పిల్సకపోతా. నిజంగా..."

"నోటితో వద్దు" అని ఆమె ఆయన భుజం మీది తువ్వాలు లాగి, చేతుల మీద కప్పింది. "నొక్కు."

ఆదెప్ప మనసులో లెక్క వేసుకున్నాడు. శ్రావణం ఇంకా తొమ్మిది నెలలుంది. చివరకు తల వంచుకుని నొక్కాడు.